గిటారు నట్: మిల్లీమీటరులో పదో వంతు పని

ఎలక్ట్రిక్ గిటారును ఎంత జాగ్రత్తగా శ్రుతి చేసినా, మొదటి ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్టు) దగ్గర నొక్కగానే జి (G) తీగ అపశ్రుతి పలుకుతుంటే బిరడలను అనుమానించకండి. ముందు నట్‌ను చూడండి. మెడ చివర, తీగలు గాడుల్లో కూర్చునే చిన్న పట్టీ అది.

గాడి ఎత్తుగా ఉంటే తీగను ఫ్రెట్ దాకా దించేటప్పుడు అది సాగుతుంది, స్వరం పైకి జరుగుతుంది. 648 మి.మీ. స్కేలు (తీగ మోగే పొడవు) ఉన్న ఫెండర్ కంపెనీ తరహా గిటారులో మొదటి ఫ్రెట్ నట్‌కు 36.4 మి.మీ. దూరంలోనే ఉంటుంది. అక్కడ 1 మి.మీ. దించితే సన్న ఈ (E) తీగ సుమారు 3 సెంట్లు పెరుగుతుంది, చుట్టు లేని జి తీగ మాత్రం 8 సెంట్ల దాకా పోతుంది. అర్ధస్వరానికి 100 సెంట్లు కాబట్టి ఆ 8 చెవికి తెలుస్తాయి. ఈ తేడా తీగ లావు వల్ల వచ్చింది కాదు. ఒకే పొడవున్న ఉక్కు తీగలు ఎంత సాగి ఉంటాయన్నది వాటి పౌనఃపున్యపు వర్గాన్ని బట్టి ఉంటుంది. సన్న E తీగ పౌనఃపున్యం 329.6 హెర్ట్జ్, G తీగది 196. ఆ నిష్పత్తికి వర్గం 2.83. తక్కువ సాగి ఉన్న జి తీగను మరికాస్త సాగదీస్తే తేడా అన్ని రెట్లు కనిపిస్తుంది. ఊరట ఏమిటంటే, దించే ఎత్తు సగమైతే తప్పు పావు వంతుకు పడిపోతుంది.

కొత్త నట్‌కు కొవ్వు తీసిన, తెల్లబరచని ఎముక ముక్క మంచిది. ఎముక వల్ల నాదం మారిపోతుందన్న మాటలో అతిశయోక్తే ఎక్కువ: ఫ్రెట్ మీద నొక్కాక తీగకు నట్‌తో పని ఉండదు. ఎముక గట్టిగా ఉంటుంది, ఆకురాయికి శుభ్రంగా తెగుతుంది, అంతే. ఎముకను ఆకురాయితో రాసేటప్పుడు మాస్కు తప్పనిసరి.

పాత నట్ అంచుల వెంట బ్లేడుతో లక్కను గీసి, జిగురు వదిలాకే తీయండి. ఫెండర్ మెడలో నట్ కూర్చునే గాడి వెనక పలచటి చెక్క ఉంటుంది కాబట్టి ముందు నుంచి కొట్టకుండా పక్క నుంచి మెల్లగా తట్టాలి. కొత్త ముక్కను అద్దం మీద పరిచిన 220 నంబరు గరుకు కాగితంపై రాస్తూ గాడి వెడల్పుకు తేవాలి. ఫెండర్‌కు అది సుమారు 3.2 మి.మీ., గిబ్సన్ తరహాకు 4.8 దగ్గర. గిటారు తలకిందులు చేస్తే జారిపడకూడదు, అలాగని సుత్తితో దిగగొట్టాల్సినంత బిగువూ వద్దు; చెక్క చీలుతుంది.

10–46 సెట్‌లో (ఆ అంకెలు సన్న, లావు తీగల వ్యాసాలు, అంగుళంలో వెయ్యో వంతుల్లో) తీగల వ్యాసాలు 0.25, 0.33, 0.43, 0.66, 0.91, 1.17 మి.మీ. కేంద్రాలను సమదూరంలో గీస్తే లావు తీగలు ఇరుకైపోతాయి. తీగల మధ్య ఖాళీ సమానంగా ఉండాలి. రెండు E తీగల కేంద్రాల మధ్య 35.5 మి.మీ. తీసుకుంటే ఒక్కో ఖాళీ 6.49 వస్తుంది. లావు E తీగ వైపు నుంచి కేంద్రాల దూరాలు 7.53, 7.28, 7.04, 6.87, 6.78.

గాడుల లోతు దగ్గరే పని చెడేది. మెడ వంపు ముందే సర్ది ఉండాలి. మొదటి ఫ్రెట్ ఎత్తు కొలవండి, 1.1 మి.మీ. అనుకుందాం. దానికి సన్న తీగలకు 0.1, లావు తీగలకు 0.15 కలిపి, బైకు మెకానిక్కులు ట్యాపెట్లు సర్దే ఫీలర్ గేజ్ రేకులను అంత మందానికి పేర్చి నట్ ముందు ఆనించండి. ఆకురాయి రేకును తాకగానే ఆగాలి. నట్ ఆకురాళ్ల ధర ఎక్కువ. గ్యాస్ వెల్డింగ్ నాజిళ్లు శుభ్రం చేసే సన్నటి రాపు తీగలు చాలావరకు ఆ పని చేస్తాయి. గాడి తీగ కంటే 0.05 నుంచి 0.1 మి.మీ. వెడల్పుండాలి. ఇరుకైతే శ్రుతి చేసేటప్పుడు తీగ పట్టుకుని టింగుమని జారుతుంది. పెన్సిల్ గ్రాఫైట్ రాస్తే కాస్త నయం, కానీ ఇరుకు గాడికి అది మందు కాదు.

గాడి అడుగు బిరడల వైపు వాలాలి, ఎత్తైన చోటు ఫ్రెట్ల వైపు అంచునే ఉండాలి. అడుగు చదునుగా ఉంటే తీగ దాన్ని ఒరుసుకుంటూ మోగుతుంది. సితార్ గుర్రం మీద, తంబురా నూలుపోగు దగ్గర ఆ ఒరపిడి కోసమే అంత కష్టపడతారు. గిటారుకు మాత్రం అదే జబ్బు.

పరీక్షకు తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి, మొదటి ఫ్రెట్ మీద తట్టండి. చిన్నగా టక్కుమనాలి. అసలు కదలిక లేకపోతే గాడి లోతైపోయినట్టే, ఖాళీ తీగ గరగరమంటుంది. అప్పుడు గాడిలో తినే సోడా నింపి ఒక చుక్క ఫెవిక్విక్ వేస్తే క్షణాల్లో రాయవుతుంది. వేడి, పొగ వస్తాయి, ముఖం దూరంగా ఉంచండి. ఆరాక మళ్లీ గీయవచ్చు. అయితే ఈ అతుకు ఎముకంత మన్నదు. రెండు మూడు గాడులు ఇలా పోతే కొత్త ముక్కే నయం.

అన్నీ కుదిరాక అతికించడానికి రెండు చుక్కల చెక్క జిగురు చాలు. ఎక్కువ పూస్తే తర్వాత తీసేటప్పుడు నట్‌తో పాటు చెక్క కూడా ఊడొస్తుంది.