పాలసీసా ఎటు పోయింది?

చిరంజీవులకు తాత ఆశీస్సులు.

"తాతా, మా బర్రెకు పొదుగు వాపు వచ్చింది. డాక్టర్ సార్ సూది వేసే ముందు చన్నును స్పిరిట్‌తో తుడిచి, మొదటి ధారలు పారబోసి, చిన్న సీసాలో పాలు పట్టుకుపోయారు. ఎందుకు?" అని నర్సంపేట నుంచి చిన్నది రాసింది.

మా చిన్నప్పుడు ఎండలు ముదిరి చెరువు తగ్గితే వలలు దిగేవి. మేం బడి ఎగ్గొట్టి కట్ట మీద చింతచెట్టు కింద చేరేవాళ్లం. రవ్వ, బొచ్చె ఒడ్డున ఎగిరిపడుతుంటే చూడాలి! కొర్రమట్ట అయితే చేతిలోంచి జారి బురదలో దూరేది. వల కన్నుల్లోంచి దూరిపోయే సన్న చేపలు మాత్రం తప్పించుకునేవి. ఏటా అదే వల వేస్తే చెరువులో మిగిలేవి, గుడ్లు పెట్టేవి ఆ సన్నవే. కొన్నేళ్లకు చెరువు నిండా చేపలుంటాయి, వలకు మాత్రం ఒక్కటీ పడదు.

సూక్ష్మజీవులను చంపే యాంటీబయాటిక్ మందు కూడా వల లాంటిదే. పొదుగులో మందుకు లొంగని సూక్ష్మజీవులు కొన్ని ఉంటే అవే మిగిలి పెరుగుతాయి. వీటిలో కొన్ని అనువైన చోట 20 నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. పశువు కాస్త నలతగా ఉంటే చాలు, ఎవరినీ అడగకుండా దుకాణంలో మందు కొని పొడిచేస్తున్నారు. అది మంచిది కాదర్రా. పశువుల్లో మొండికెత్తిన సూక్ష్మజీవి మనుషులకూ చేరుతుంది. మనుషులకు ఆఖరి ఆసరాగా దాచుకునే కోలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను కోళ్ల దాణాలో కలుపుతుంటే, 2019లో మన ప్రభుత్వం నిషేధించింది.

అందుకే వలలోంచి ఏది తప్పించుకుంటోందో కనిపెట్టేవాళ్లు కావాలి. సీసా ల్యాబుకు పోయింది. పాలలోని సూక్ష్మజీవులను పెంచి, అగర్ అనే, జెల్లీలా గడ్డకట్టిన పదార్థం ఉన్న పళ్లెం నిండా పూస్తారు. దాని మీద ఒక్కో మందు అద్దిన 6 మిల్లీమీటర్ల కాగితపు బిళ్లలు పెట్టి, సుమారు 35 డిగ్రీల వేడిలో రాత్రంతా ఉంచుతారు. తెల్లారేసరికి పళ్లెమంతా మసకబారుతుంది. మందు పనిచేసిన బిళ్ల చుట్టూ మాత్రం తేటగా ఒక వలయం ఉంటుంది. దాన్ని స్కేలుతో కొలుస్తారు. వలయమే లేకపోతే ఆ మందు దండగ. సూది పడ్డాక తీసిన పాలలో సూక్ష్మజీవులు సరిగా పెరగకపోవచ్చు, అందుకే ముందే పట్టారు. ఇలా ఊరూరా, ఏటేటా కొలిచిన లెక్కలు ఒకచోట చేరితేనే ఏ మందు బలం తగ్గుతోందో తెలిసేది.

వరంగల్ వచ్చినప్పుడు మామునూరు పశువైద్య కళాశాలకు పోదాం. అడిగితే ఒక పళ్లెం చూపిస్తారేమో. ఈలోపు మీ బర్రెకు వేసిన మందు డబ్బా మీద, ఎన్ని రోజులు పాలు వాడకూడదని ఉందో చదివి నాకు రాయండి.

మీ తాత