టెర్మినల్ నుంచి డెస్క్‌టాప్ అప్లికేషన్లను నడిపించడం: అపోహలు - వాస్తవాలు

అనంతపురంలోని ప్రింటింగ్ ప్రెస్సులూ, ప్రైవేటు కాలేజీల ఆఫీసులూ నాకు అప్పగించే పని తరచుగా ఒకే తీరున ఉంటుంది. పట్టికలో వందల కొద్దీ విద్యార్థుల పేర్లుంటాయి. వాటిని సర్టిఫికెట్ నమూనాలో ఒక్కొక్కటిగా నింపి పీడీఎఫ్ తీయాలి, మనిషి మాత్రం మౌస్ పట్టుకుని కూర్చోకూడదు. లినక్స్ కంప్యూటర్లలో ఈ పనిని టెర్మినల్ నుంచి, అంటే ఆదేశాలను టైపు చేసే విండో నుంచి, చేయించడం చుట్టూ ఎప్పుడూ వినిపించే అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: విండోలతో నడిచే ప్రోగ్రాముకు టెర్మినల్ నుంచి పని చెప్పాలంటే క్లిక్కులను, కీబోర్డు మీటలను అనుకరించడం తప్ప దారి లేదు.

వాస్తవం: అనుకరణ ఆఖరి దారి. ఆఫీసు పత్రాల ప్రోగ్రాము లిబ్రేఆఫీస్‌కు హెడ్‌లెస్ అనే స్విచ్ (ఆదేశం వెంట జోడించే సూచన) ఉంది. దాని వెంట కన్వర్ట్-టు స్విచ్‌తో పీడీఎఫ్ అని అడిగితే, తెరపై ఏ విండో తెరుచుకోకుండానే ఫైళ్లు మారిపోతాయి. బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్‌కు ఎగుమతి స్విచ్‌లున్నాయి, ఫొటోలు సరిదిద్దే జింప్‌కు బ్యాచ్ మోడ్ ఉంది, లినక్స్‌లోని చాలా మీడియా ప్లేయర్లు డీ-బస్ (ప్రోగ్రాములు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే దారి) ద్వారా ఆదేశాలను స్వీకరిస్తాయి. కాబట్టి ముందు ప్రోగ్రాము సొంత స్విచ్‌లను చూడాలి, ఆ తరువాత డీ-బస్‌ను, ఆ తరువాతే కీబోర్డు షార్ట్‌కట్లను. మౌస్‌ను ఫలానా పిక్సెల్ దగ్గరికి పంపి నొక్కించడం అన్నింటికన్నా బలహీనమైన పద్ధతి, ఎందుకంటే మానిటర్ మారినా, విండో కాస్త జరిగినా ఆ క్లిక్కు వేరే బటన్ మీద పడుతుంది.

అపోహ: మీటలను, క్లిక్కులను అనుకరించే ఎక్స్‌డూటూల్‌తో తెలుగు పేర్లను నేరుగా టైపు చేయించవచ్చు.

చేయించవచ్చు, కానీ నమ్మడానికి వీల్లేదు. కీబోర్డు లేఅవుట్‌లో లేని అక్షరం ఎదురైనప్పుడు ఎక్స్‌డూటూల్ ఖాళీగా ఉన్న ఒక కీకోడ్‌కు (మీట సంఖ్యకు) ఆ అక్షరాన్ని తాత్కాలికంగా కేటాయించి, ఆ మీట నొక్కినట్లు సంకేతం పంపుతుంది. ఆ మార్పును అవతలి ప్రోగ్రాము గమనించేలోపే సంకేతం వచ్చేస్తే అక్షరం జారిపోతుంది. తెలుగులో గుణింతపు గుర్తు ప్రతిదీ యూనికోడ్‌లో విడి అక్షరమే కనుక ‘ఓబుళేసు’ కాస్తా ‘ఓబళేసు’గా అచ్చవుతుంది, అది సర్టిఫికెట్ ఇంటికి చేరాక గానీ బయటపడదు. పేరును క్లిప్‌బోర్డులో పెట్టి కంట్రోల్-వీ సంకేతం పంపడం ఇంతకన్నా మేలు. అసలు టైపు చేయించే అవసరమే లేకుండా చేసుకోవడం ఇంకా మేలు. ఇంక్‌స్కేప్ దాచే ఎస్‌వీజీ ఫైలు లోపల ఉండేది ఎక్స్‌ఎంఎల్ అనే పద్ధతిలో రాసిన మామూలు అక్షరాలే; నమూనాలో పేరు రావలసిన చోట ఒక గుర్తు పెట్టుకుంటే, చిన్న పైథాన్ స్క్రిప్టు ఆ గుర్తు స్థానంలో పేరు నింపి కొత్త ఫైలు రాస్తుంది, ఇంక్‌స్కేప్‌కు మిగిలేది దాన్ని పీడీఎఫ్ చేయడమే. డీటీపీలో వాడే అను ఫాంట్లలో తయారైన పాత నమూనాలకు మాత్రం ఇది కుదరదు. అవి యూనికోడ్ కావు కనుక నమూనాను ఒకసారి యూనికోడ్ ఫాంటులో మళ్లీ కట్టుకోవాలి.

అపోహ: చేత్తో నడిపినప్పుడు పనిచేసిన స్క్రిప్టు, నిర్ణీత వేళకు పనులను తనంతట తానే నడిపే క్రాన్‌లో పెట్టినా పనిచేస్తుంది.

క్రాన్ నడిపే పనికి తెర ఎక్కడుందో తెలియదు. ఆ వివరం చెప్పే డిస్‌ప్లే అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (ప్రోగ్రాముకు అందే సెట్టింగు) లేకపోవడంతో విండో అవసరమైన ప్రోగ్రాము వెంటనే ఆగిపోతుంది. అలాంటి వాటికి ఎక్స్‌వీఎఫ్‌బీ అనే ఊహాతెరను ఇవ్వాలి. ఫాంట్ల సంగతి ఇంతకంటే మోసకారిది. ఆపరేటర్ తన హోమ్ ఫోల్డరులో పెట్టుకున్న ఫాంటు వేరే యూజర్ పేరుతో నడిచే పనికి కనబడదు. అప్పుడు వేరే ఫాంటు వచ్చి చేరుతుంది, లేదా అక్షరాల స్థానంలో డబ్బాలు వస్తాయి. ఫాంట్ల జాబితా చూపే ఎఫ్‌సీ-లిస్ట్‌ను తెలుగు భాష షరతుతో అదే యూజర్‌గా నడిపి, కావలసిన ఫాంటు జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోవాలి.

అపోహ: పాత మిషన్‌లో నడిచిన ఎక్స్‌డూటూల్ స్క్రిప్టు లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు కొత్త వెర్షన్‌లోనూ నడుస్తుంది.

తెరపై విండోలను చూపే వ్యవస్థ, 1987లో వచ్చిన ఎక్స్11, ఒక ప్రోగ్రాము మరో ప్రోగ్రాముకు మీటల సంకేతాలు పంపడానికి అడ్డు చెప్పదు. దాని స్థానంలోకి వచ్చిన వేలాండ్ భద్రత కోసం ఆ దారిని మూసేసింది. 2021లో వచ్చిన 21.04 నుంచి ఉబుంటు చాలా కంప్యూటర్లలో వేలాండ్‌తోనే మొదలవుతోంది, 25.10లో ఉబుంటు మామూలుగా వాడే గ్నోమ్ డెస్క్‌టాప్‌కు పాత ఎక్స్ సెషన్ అసలే లేదు. ఎక్స్‌డూటూల్ లాంటిదే అయిన వైడూటూల్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) స్థాయిలో మీటలను అనుకరిస్తుంది కనుక వేలాండ్‌లోనూ నడుస్తుంది గానీ, ఏ విండో ముందుందో దానికి తెలియదు.

అపోహ: మధ్యలో ఐదు సెకన్లు ఆగమని రాస్తే సరిపోతుంది.

మే నెల ఎండలో వేడెక్కి నెమ్మదించిన పాత కంప్యూటరుకు ఐదు సెకన్లు చాలవు, కొత్తదానికి అక్కర్లేదు. ఎక్స్‌డూటూల్ సెర్చ్‌కు సింక్ స్విచ్ జోడిస్తే విండో దొరికే వరకు అదే ఆగుతుంది.

అపోహ: లోపం చూపలేదు కాబట్టి పని పూర్తయినట్టే.

లిబ్రేఆఫీస్ విండో ఒకటి అప్పటికే తెరిచి ఉన్నప్పుడు హెడ్‌లెస్ ఆదేశం ఇస్తే, ఫైలు తయారు కాకుండానే, ఏమీ చెప్పకుండానే ముగిసిపోవచ్చు. రెండూ ఒకే యూజర్ ప్రొఫైల్‌ను (సెట్టింగుల ఫోల్డరును) వాడుకోవడమే ఇందుకు కారణం. స్క్రిప్టుకు విడిగా ఒక ప్రొఫైల్ ఫోల్డరు చూపితే ఈ చిక్కు తీరుతుంది. 2020లో ఇంక్‌స్కేప్ 1.0 వచ్చినప్పుడు ఎగుమతి స్విచ్‌లే మారిపోయాయి కనుక, పాత స్క్రిప్టును కొత్త వెర్షన్ మీద ముందుగా రెండు మూడు పేర్లతో నడిపి చూడడం అవసరం. నా స్క్రిప్టులన్నింటి చివరా పట్టికలోని వరుసల సంఖ్యను, ఫోల్డరులోని పీడీఎఫ్‌ల సంఖ్యను పోల్చే ఆదేశం ఒకటి ఉంటుంది. రెండూ కలవకపోతే ప్రింటరుకు ఏదీ వెళ్లదు.