పుట్టిననాటి తిథి ఎన్నేళ్ళకు తిరిగి వస్తుంది?

గణితమూ విజ్ఞానశాస్త్రమూ బోధించే ఉపాధ్యాయులు తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. పిల్లలు ఇంటి నుంచి వెంట తెచ్చుకున్న దైవవిశ్వాసాన్ని తరగతి గుమ్మం బయటే వదిలి రమ్మనాలా, లేక లోపలికి రానివ్వాలా? రానివ్వాలనే నా అభిప్రాయం, వచ్చినదాన్ని లెక్క అడగవచ్చుననే షరతు మీద. విత్తనాలు చల్లేవాడు రెండు రోజులు అటూ ఇటూ అయినా సర్దుకుంటాడు గాని, ఏకాదశి ఉపవాసం ఉండేవాడు ఒక్క రోజు తేడా వచ్చినా సర్దుకోడు. విజ్ఞానశాస్త్రానికి కావలసిన ముడిసరుకు ఆ పట్టుదలలో ఉంది. ఆ పట్టుదలకు 'ఎందుకలా?' అనే కుతూహలం తోడైతే యువత చేత ఎంత దూరం లెక్క వేయించవచ్చో ఒకే ఒక్క ఉదాహరణతో చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

దానికి ముందు ఒక మాట చెప్పాలి. 'ఇవన్నీ మన పెద్దలు ఎప్పుడో చెప్పేశారు' అని పాఠం ముగించే ఉపాధ్యాయుడు, 'ఇదంతా మూఢనమ్మకం' అని ముగించే ఉపాధ్యాయుడు పైకి విరోధుల్లా కనిపిస్తారు గాని ఇద్దరూ చేసే నష్టం ఒక్కటే. ఇద్దరి తరగతిలోనూ విద్యార్థికి వేయడానికి లెక్క మిగలదు.

ఇక ఉదాహరణకు వద్దాం. 2030లో రంజాన్ ఉపవాసమాసం జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర మరొకసారి, అంటే ఒకే ఏడాదిలో రెండుసార్లు మొదలవుతుంది. దీపావళి అలా ఎన్నడూ రెండుసార్లు రాదు. అది అక్టోబరు, నవంబరు నెలల మధ్యనే ముందుకూ వెనక్కూ ఊగుతుంది. రెండు పండుగలనూ నిర్ణయించేది ఒకే చంద్రుడు. తేడా అంతా ఒక శేషాన్ని ఏం చేశారన్న దానిలో ఉంది. అమావాస్య నుంచి అమావాస్యకు సగటున 29.5306 రోజులు, అలాంటివి 12 కలిపితే 354.37 రోజులు. ఋతువుల సంవత్సరానికి 365.2422 రోజులు. ఏటా మిగిలేది 10.88 రోజులు. ఇస్లామిక్ క్యాలెండర్ ఈ శేషాన్ని సవరించకుండా వదిలేస్తుంది కనుక అందులోని నెలలు సుమారు 33 ఏళ్ళలో ఋతువులన్నిటినీ చుట్టి వస్తాయి. హిందూ, యూదు క్యాలెండర్లు ఆ శేషాన్ని, చిల్లర నాణేలు పోగుచేసి నోటుగా మార్చుకున్నట్లు, రెండున్నర ఏళ్ళు దాటాక ఒక నెలగా మార్చి అధికమాసం చేస్తాయి. అధికమాసంలో శుభకార్యాలు తలపెట్టకూడదని భయపడేవారు, ఆ నెల ఈ పదిరోజుల చిల్లర కూడికే తప్ప మరేమీ కాదని ఒక్కసారి కాగితం మీద వేసి చూసుకుంటే బాగుంటుంది.

ఇప్పుడు తరగతిలో అడగవలసిన అసలు ప్రశ్న: ఒక అమ్మాయి పౌర్ణమి నాడు పుట్టింది, ఆమె పుట్టినరోజు తేదీకి మళ్ళీ పౌర్ణమి వచ్చేది ఎన్నో ఏట? సూత్రం చెప్పకుండా వదిలేస్తే విద్యార్థులు ఏటేటా కూడుతూ పోతారు, అలా పోనివ్వాలి కూడా. మొదటి పుట్టినరోజుకు చంద్రుడు పౌర్ణమి దాటి 10.88 రోజులు ముందుకు వెళ్ళిపోయి ఉంటాడు. రెండో పుట్టినరోజుకు 21.75 రోజులు దాటి ఉంటాడు, అంటే తరువాతి పౌర్ణమికి ఇంకా 7.78 రోజులు తక్కువ. మూడో పుట్టినరోజుకు ఒక పూర్తి నెల తీసివేయగా 3.09 రోజులు ఎక్కువ. ఇక్కడ ఆగి, రెండేళ్ళకు తక్కువ, మూడేళ్ళకు ఎక్కువ, రెండిటినీ కలిపితే ఏమవుతుందని అడగాలి. అయిదేళ్ళకు 4.69 రోజులు తక్కువ అని వస్తుంది. దానికి మరో మూడేళ్ళు కలిపితే ఎనిమిదేళ్ళకు 1.59 రోజులు తక్కువ. ఇంకో మూడేళ్ళు కలిపితే పదకొండేళ్ళకు 1.50 రోజులు ఎక్కువ. దాదాపు సమానమైన లోటు ఒకటి, మిగులు ఒకటి చేతికి వచ్చాయి. ఎనిమిదికి పదకొండు కలపండి: పంతొమ్మిదేళ్ళు. శేషం 0.09 రోజు, అంటే సుమారు రెండు గంటలు!

గణితంలో ఇంత చక్కగా అమరిన కూడిక మరొకటి చూపడం కష్టమని నాకనిపిస్తుంది. పంతొమ్మిదేళ్ళలో ఉన్న చాంద్రమాసాలు 235, అంటే 19ని 12తో హెచ్చించగా వచ్చిన 228కి 7 అధికమాసాలు చేర్చినన్ని. మనం చేసినదంతా గరిష్ఠ సామాన్య భాజకం కనుక్కోవడానికి బడిలో నేర్పే యూక్లిడ్ పద్ధతే: పెద్ద శేషం నుంచి చిన్న శేషాన్ని తీసివేస్తూ పోవడం. 499 నాటి ఆర్యభటీయంలోని కుట్టకానికీ (పూర్ణసంఖ్యల్లో జవాబు రావలసిన సమీకరణాలను సాధించే పద్ధతికీ) ఈ వరుస భాగహారమే ప్రాణం. దాన్ని గొలుసు భిన్నంగా, అంటే భిన్నం హారంలో మరో భిన్నం వచ్చేలా రాస్తే, సంవత్సరానికి ఉండే నెలల సంఖ్య 12; 2, 1, 2, 1, 1, 17 అనే అంకెలుగా విడుతుంది. ఆ చివరి 17 ఎంత పెద్దదైతే దానికి ముందు ఆగిన భిన్నం అంత మంచిదన్నమాట. 12 పోగా మిగిలే ఆ ముందు భిన్నమే 7/19, అంటే పంతొమ్మిదేళ్ళకు 7 అధికమాసాలు. ఇంతకంటే దగ్గరగా చంద్రుణ్ణీ తేదీనీ కలిపే సంఖ్య కావాలంటే 300 ఏళ్ళు దాటి వెళ్ళాలి. మనిషి ఆయుర్దాయంలో ఇదే గరిష్ఠం.

ఈ పంతొమ్మిదిని బాబిలోనియా వాసులు వాడారు, క్రీ.పూ. 432లో ఏథెన్సులో మెటన్ అనే ఖగోళజ్ఞుడు ప్రకటించాడు; యూదు క్యాలెండర్ ప్రతి 19 ఏళ్ళ చక్రంలో 3, 6, 8, 11, 14, 17, 19వ ఏళ్ళకు అధికమాసం చేరుస్తుంది; 525లో డయోనీసియస్ ఎగ్జిగ్యుస్ అనే క్రైస్తవ సన్యాసి ఈస్టర్ పట్టికలను దీని మీదే కట్టాడు. ఇంతమంది ఒకే సంఖ్య దగ్గరికి చేరడానికి కారణం ఆకాశంలో ఉన్న నిష్పత్తి ఒక్కటే కావడం.

పంతొమ్మిదేళ్ళు నిండిన విద్యార్థులు చాలామంది కళాశాలల్లోనే ఉంటారు కనుక పరీక్షించడం తేలిక. పంచాంగం చూసి తమ పుట్టిననాటి తిథినీ, పంతొమ్మిదో పుట్టినరోజు తిథినీ పోల్చమనండి. ఎక్కువమందికి అదే తిథి వస్తుంది, కొందరికి ఒకటి అటో ఇటో తప్పుతుంది. ఆ తప్పినవారే ఉపాధ్యాయుడికి నిజమైన వరం. లీపు సంవత్సరాల వల్ల కొంత తేడా వస్తుంది, మిగతాది 29.53 అన్నది సగటు మాత్రమే కావడం వల్ల వస్తుంది. ఒక్కో చాంద్రమాసం సుమారు 29.3 రోజుల నుంచి 29.8 రోజుల దాకా మారుతుంటుంది. 'ఎందుకు మారుతుంది?' అన్న ప్రశ్న తరగతిలోంచి తనంతట తానే పుట్టాలి.

అది పుట్టడానికి అధికమాసాల జాబితా మరింత మంచి దారి. అధిక జ్యేష్ఠం 1999, 2007, 2018, 2026 సంవత్సరాల్లో పడింది. వ్యవధులు 8, 11, 8. మనం కూడికలో పట్టుకున్న సంఖ్యలే ఇవి. తొమ్మిదో పదో ఎందుకు రాలేదు? సూర్యుడు వృషభరాశిలో ఉండే సౌరమాసం సుమారు 31.4 రోజులు. ఆ నెల లోపలే రెండు అమావాస్యలు ఇమిడితే వాటి నడుమ సంక్రాంతి (సూర్యుడు ఒక రాశి నుంచి మరో రాశికి మారడం) లేని మాసమే అధిక జ్యేష్ఠం. అమావాస్యల మధ్య దూరం 29.5 రోజులు కనుక మొదటి అమావాస్య కదలడానికి ఉన్న చోటు 1.9 రోజులే. ఎనిమిదేళ్ళకు, పదకొండేళ్ళకు జరిగేది ఒకటిన్నర రోజు చిల్లర, కాబట్టి ఆ చోటులో పట్టే అవకాశముంది. మూడేళ్ళకు జరిగే మూడు రోజులు పట్టవు. తొమ్మిదీ పదీ అయితే తొమ్మిదేసి రోజులు జరిగిపోతాయి.

ఈ తర్కాన్నే పుష్యమాసానికి వర్తింపజేయమంటే విద్యార్థులు నిలిచిపోతారు. డిసెంబరు, జనవరి నడిమి సౌరమాసం 29.5 రోజులకు కూడా కొంచెం తక్కువ. అందులో రెండు అమావాస్యలకు చోటే లేదు. అధికమాసాలు ఎండాకాలం చుట్టూ గుమికూడి చలికాలంలో దాదాపు కనిపించకపోవడానికి కారణమిదే. సౌరమాసం ఎందుకు పొట్టిదైంది? భూమి జనవరి మొదట్లో సూర్యుడికి అతి దగ్గరగా ఉండి సెకనుకు 30.3 కిలోమీటర్ల వేగంతోనూ, జూలై మొదట్లో దూరంగా ఉండి 29.3 కిలోమీటర్ల వేగంతోనూ నడుస్తుంది కనుక. పంచాంగంలో ఏ మాసం అధికమవుతుందో చూసేవాడు, తెలియకుండానే, సూర్యుడికి దగ్గరైనకొద్దీ గ్రహం వేగం పెరుగుతుందనే ఖగోళజ్ఞుడు కెప్లర్ రెండో నియమాన్ని చూస్తున్నాడన్నమాట.

కెప్లర్ చదువు మొదలుపెట్టింది మతాచార్యుడు కావాలని. అంగారకుడి కక్ష్యను వృత్తాలతో సాధించబోయి, చివరకు 8 నిమిషాల కోణం (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం) దగ్గర ఇరుక్కున్నాడు. అది పూర్ణచంద్రబింబం వెడల్పులో పావు వంతు. అంతకుముందు ఎవరైనా ఆ తేడాను క్షమించేవారే. దైవానుగ్రహం వల్ల టైకో బ్రాహీ వంటి నిశితమైన పరిశీలకుడు లభించినప్పుడు ఆ 8 నిమిషాలను ఉపేక్షించే హక్కు తనకు లేదని కెప్లర్ భావించాడు. 1609లో ప్రచురించిన దీర్ఘవృత్త కక్ష్య ఆ పట్టింపు ఫలితం. దేవుడు సృష్టిని అలసత్వంతో చేయడన్న నమ్మకం ఇక్కడ శేషాన్ని కప్పిపెట్టడానికి బదులు దాన్ని వెంటాడేలా చేసింది. విశ్వాసం తరగతిలోకి రావచ్చునని నేననేది ఈ అర్థంలోనే.

మరొకటి కూడా చెప్పకుండా ఉండలేను. గెలీలియో విచారణ జరిగిన 22 ఏళ్ళకు, 1655లో, పోపు ఏలుబడిలోనే ఉన్న బొలోనియా నగరంలోని సాన్ పెట్రోనియో చర్చి నేల మీద కసీని అనే ఖగోళజ్ఞుడు ఒక పొడవైన మధ్యాహ్నరేఖ గీశాడు. పైకప్పులోని చిన్న రంధ్రం గుండా దిగిన సూర్యబింబం ప్రతి మధ్యాహ్నం ఆ గీతను దాటుతుంది. ఈస్టర్ లెక్కకు కావలసిన విషువత్తులను (పగలూ రాత్రీ సమానమయ్యే రోజులను), సంవత్సరం పొడవును కొలవడం దాని ప్రయోజనం. కసీని అంతటితో ఆగక బింబం వెడల్పు కూడా కొలిచాడు. సూర్యుడు రోజుకు జనవరిలో 61 నిమిషాల కోణం, జూలైలో 57 నిమిషాల కోణం నడుస్తాడు: తేడా దాదాపు 7 శాతం. వేగం నిజంగా మారకుండా, దూరం మారడం వల్లనే అలా కనిపిస్తుంటే బింబం వెడల్పు కూడా 7 శాతం మారాలి. అది 32.5 నిమిషాల నుంచి 31.5 నిమిషాలకే, అంటే అందులో సగమే మారుతుంది. మిగతా సగం నిజమైన వేగంలోని మార్పు. చర్చి నేల మీద గీసిన గీత కెప్లర్‌కు సాక్ష్యం చెప్పింది!

ఇప్పటికీ కుతూహలం తీరని విద్యార్థికి ఒక గట్టి లెక్క ఉంది. చలికాలపు పొట్టి సౌరమాసం అప్పుడప్పుడు పూర్తిగా ఒక చాంద్రమాసం లోపల పడిపోతుంది. ఆ చాంద్రమాసంలో రెండు సంక్రాంతులు వచ్చి ఒక మాసం పేరు ఎగిరిపోతుంది. దాన్ని క్షయమాసం అంటారు. 1963-64లో, 1982-83లో వచ్చాయి, తరువాతిది 2123-24లో. వ్యవధులు 19, 141. క్షయమాసాలు 141 ఏళ్ళకూ, కొన్నిసార్లు 19 ఏళ్ళకూ వస్తాయని 1150 నాటి సిద్ధాంత శిరోమణిలో భాస్కరాచార్యుడు చెప్పాడు. 19 మనకు తెలిసిందే; 141 ఎక్కడిది? పంచాంగం సూర్యుణ్ణి నక్షత్రాలతో పోల్చి కొలుస్తుంది కనుక ఈసారి సంవత్సరం 365.2564 రోజులు తీసుకోవాలి. అప్పుడు ఎనిమిదేళ్ళ లోటు 1.48 రోజులు, పంతొమ్మిదేళ్ళకు మాత్రం 0.18 రోజు మిగులు. 141ని ఏడు పంతొమ్మిదులు, ఒక ఎనిమిదిగా విడగొట్టండి. ఏడు మిగుళ్ళు కలిపితే 1.28, లోటు 1.48. శేషం 0.20 రోజు.