డ్రోన్ సర్వే: గట్టు మీద వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

పొలాలను డ్రోన్‌తో సర్వే చేయడం నా వృత్తి. డ్రోన్ పైకి లేవగానే చుట్టూ చేరే రైతులు అడిగే ప్రశ్నలను బట్టే, ఈ పని గురించి ఏయే అపోహలు పాతుకుపోయాయో నాకు తెలుస్తూ ఉంటుంది.

అపోహ: డ్రోన్ ఎగిరితే హద్దు తగాదా తేలిపోతుంది.

వాస్తవం: ఫొటోలో గట్టు, కంచె, డొంక కనిపిస్తాయి, ఆ గట్టును నిరుడు ఎవరైనా జరిపారా అన్న సంగతి మాత్రం కనిపించదు. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన భూముల రీసర్వేలో కూడా, పైనుంచి తీసిన చిత్రాలు చేతికి వచ్చాక సర్వేయర్లు పొలాల్లోకి వెళ్లి, రైతుల సమక్షంలో హద్దులను సరిచూసే విధానాన్నే పెట్టుకున్నారు. ఒక మామిడి తోటలో రెండు కమతాల మధ్య గట్టు కొమ్మల కింద పూర్తిగా మరుగున పడి, తెర మీద మాకు పచ్చటి ముద్ద తప్ప ఏమీ కనిపించలేదు. చివరికి ఇరువైపుల రైతులతో కలిసి నడిచి, తుప్పల్లో కూరుకుపోయిన సర్వే రాయిని వెతికి పట్టుకుని, దాని తల మీద రోవర్ కర్ర (ఉపగ్రహ సంకేతాలతో స్థానం చెప్పే పరికరం అమర్చిన కర్ర) నిలబెట్టి కొలిచాము. సర్వే నోటీసులో చెప్పిన రోజున తప్పకుండా పొలం దగ్గర ఉండమని ప్రతి రైతునూ నేను బతిమాలేది ఇందుకే.

అపోహ: కెమెరా ఎంత ఖరీదైనదైతే కొలత అంత కచ్చితంగా వస్తుంది.

వాస్తవం: సుమారు 100 మీటర్ల ఎత్తు నుంచి తీసిన ఫొటోలో ఒక్కో చుక్క నేల మీద 2, 3 సెంటీమీటర్లకు సమానం కావచ్చు. కానీ పటం మొత్తం ఒక మీటరు పక్కకు జరిగి ఉన్నా చూపుకు చక్కగానే ఉంటుంది. అందువల్ల ఎగరడానికి ముందే నేల మీద అక్కడక్కడ సున్నంతో గుర్తులు వేసి, కర్రకున్న మట్టం బుడగ నడిమికి వచ్చేదాకా ఆగి, ఉపగ్రహ సంకేతాల సాయంతో ఆ గుర్తుల స్థానాన్ని నమోదు చేస్తాము. ఈ పనిలో తొందరపడితే ఆ తరువాత ఏ సాఫ్ట్‌వేరూ ఆదుకోదు.

అపోహ: విస్తీర్ణం తగ్గిందంటే భూమి పోయినట్టే.

వాస్తవం: ఆక్రమణ జరిగిందేమో ముందుగా చూసుకోవలసిందే. అయితే పాత కొలతలు చాలాచోట్ల గొలుసుతో తీసినవి, కడ్డీలు వంగి గొలుసు పొట్టిదైతే కొలత ఉన్నదానికంటే ఎక్కువగా వచ్చేది. పైగా పటంలో విస్తీర్ణాన్ని చదునుగా లెక్కిస్తారు గనుక, 10 డిగ్రీల వాలు మీద టేపు పరిచి కొలిచిన 100 అడుగులు పటంలో 98.5 అడుగులే అవుతాయి.

అపోహ: నిండు చెరువు లోతు కూడా డ్రోన్ ఫొటోల్లో తెలిసిపోతుంది.

వాస్తవం: మురికి నీటి అడుగును ఫొటో చూడలేదు. ఎండాకాలంలో చెరువు ఎండినప్పుడు ఒకసారి, రైతులు పూడికమట్టి తోలుకున్నాక మరొకసారి ఎగురవేస్తే, రెండు ఉపరితలాల తేడాను బట్టి ఎన్ని ఘనపు మీటర్ల మట్టి వెళ్లిందో లెక్క తేలుతుంది.