300 వోల్టులు కావాలంటే 300 ట్రాన్స్‌ఫార్మర్ కాదు: ట్యూబ్ ఆంప్ కట్టేవాళ్ల అపోహలు - వాస్తవాలు

పర్లాకిమిడిలో సౌండ్ సిస్టమ్‌లు బాగుచేసే పని నాది. చర్చిల్లో, మెలోడీ పార్టీల్లో గిటార్ వాయించే కుర్రాళ్లకి ఈమధ్య ట్యూబ్ ఆంప్ (పాత రేడియోల్లోలా గాజు ట్యూబులతో పనిచేసే ఆంప్లిఫయర్) సొంతంగా కట్టాలన్న సరదా పట్టుకుంది. మంచిదే. కానీ గుణుపురం నుంచి వచ్చినా, పాతపట్నం నుంచి వచ్చినా సంచిలోంచి తీసేది మాత్రం 300-0-300 ట్రాన్స్‌ఫార్మరే, అంటే మధ్య వైరు (సెంటర్ ట్యాప్) నుంచి అటూ ఇటూ 300 వోల్టుల చొప్పున ఇచ్చేది. ఇదెందుకు చుట్టించావురా అంటే, "ఈఎల్84 డేటాషీట్‌లో ప్లేట్ వోల్టేజ్ 300 అని ఉందన్నా" అంటారు. ఈఎల్84 అంటే స్పీకర్‌ని మోగించే పవర్ ట్యూబు, డేటాషీట్ అంటే దాని కంపెనీ ఇచ్చే వివరాల కాగితం.

అపోహ: ట్యూబుకి ఎన్ని వోల్టులు కావాలో ట్రాన్స్‌ఫార్మర్ మీద అన్నే ఉండాలి.

వాస్తవం: డేటాషీట్‌లో ఉన్నది డీసీ, అది కూడా దాటకూడని హద్దు. ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసేది ఏసీ. డయోడ్లు పెట్టి, కెపాసిటర్ పెట్టాక ఏసీ అంకె 1.414 రెట్లు అవుతుంది. అంటే 300-0-300 పెడితే లోడ్ లేనప్పుడు 424 వోల్టుల డీసీ. ఆన్ చేసిన మొదటి పదిహేను ఇరవై సెకన్లు ట్యూబులు ఇంకా వేడెక్కవు, కరెంటు లాగవు, కాబట్టి ఆ 424 మొత్తం కెపాసిటర్ నెత్తిన పడుతుంది. 450 వోల్టుల కెపాసిటర్ వేశాంగా, ఇంకా 26 మిగిలిందిగా అంటారు. మన లైన్ సంగతి తెలిసే అంటున్నారా? సాయంత్రం అందరూ మోటార్లు, ఫ్యాన్లు వేసినప్పుడు ఇంట్లో 190 ఉంటే, రాత్రి ఊరు పడుకున్నాక అదే సాకెట్‌లో 250 చూపిస్తుంది. 230కి చుట్టిన ప్రైమరీకి (మెయిన్స్ కలిపే వైపు చుట్టకి) 250 ఇస్తే ఆ 424 కాస్తా 461 అవుతుంది. అక్కడితో కెపాసిటర్ హద్దు దాటిపోయింది.

క్రిస్మస్ ప్రాక్టీసు రోజుల్లో రాయగడ వైపు నుంచి ఒక టీచరుగారు కొడుకుని వెంటబెట్టుకుని వచ్చారు. రాత్రి పదకొండు దాటాక ఆంప్ టప్పుమని పేలిందట, గదంతా పొగ. పిల్లాడికి ఏమీ కాలేదు గానీ తండ్రికి నిద్ర లేదు. "మాస్టారూ, వీడిచేత ఇది మాన్పించేయమంటారా?" అని అడిగారు. విప్పి చూస్తే పిల్లాడి పని చాలా శుభ్రంగా ఉంది, సోల్డరింగ్ నాకంటే బాగా చేశాడు. తప్పల్లా ఆ 300 అంకె. మొదటి ఫిల్టర్ కెపాసిటర్ పగిలింది. అంతకుముందే ఒక ఈఎల్84 జత ప్లేట్లు ఎర్రబడి పోయిందని, నాన్నకి చెప్పకుండా ఇంకో జత తెప్పించాడని అప్పుడు బయటపడింది. మాన్పించక్కర్లేదు సార్ అని చెప్పి, అదే కోర్ మీద సెకండరీ (ఆంప్‌కి వోల్టులిచ్చే వైపు చుట్ట) మళ్లీ చుట్టించాం. ఇప్పుడు ఆ ఆంప్ చర్చిలో మోగుతోంది.

అందుకని లెక్క వెనకనుంచి వేసుకోండి. రెండు ఈఎల్84లు పుష్-పుల్ (జంటగా పని పంచుకునేలా), మూడు 12ఏఎక్స్7లు (గిటార్ సిగ్నల్‌ని ముందుగా పెంచే ప్రీఆంప్ ట్యూబులు), సిలికాన్ డయోడ్లు అనుకుందాం. 220-0-220 చుట్టిస్తే లోడ్ లేకుండా 311, లోడ్ మీద 300 లోపు వస్తుంది. రాత్రి 250 వచ్చినా 338 దాటదు, 450 కెపాసిటర్ హాయిగా ఉంటుంది. వాక్స్ ఏసీ30 అనే పేరున్న గిటార్ ఆంప్‌లో 300 దాటించి నడిపారు కదా అని వాదించేవాళ్లు తప్పకుండా ఉంటారు. నడిపారు, అందులో ట్యూబులు తొందరగా అరిగిపోతాయని కూడా వాళ్లే చెప్పాలి. ఇంకోటి, పాత అమెరికన్ సర్క్యూట్‌లో 5వై3 రెక్టిఫయర్ (డయోడ్ల బదులు ఏసీని డీసీ చేసే ట్యూబు) ఉంటే అది సుమారు 50 వోల్టులు తినేస్తుంది. ఆ ట్యూబు దొరకలేదని డయోడ్లు పెట్టి ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం అదే ఉంచితే ఆ 50 తిరిగొచ్చి ట్యూబుల మీద కూర్చుంటుంది.

కరెంటు సంగతి. ఆ రెండు ఈఎల్84లు ఊరికే ఉన్నప్పుడే ప్రీఆంప్‌తో కలిపి 90 మిల్లీ ఆంప్స్ దగ్గర లాగుతాయి, 120కి తక్కువ చుట్టించొద్దు, 150 అయితే నిశ్చింత. సెంటర్ ట్యాప్ లేకుండా బ్రిడ్జ్ (నాలుగు డయోడ్ల కట్టు) పెట్టేవాళ్లు జాగ్రత్త: అక్కడ డీసీగా తీసుకోగలిగేది వైండింగ్ రేటింగ్‌లో సుమారు 0.62 వంతే, 120 డీసీ కావాలంటే దాదాపు 200 మిల్లీ ఆంప్స్ వైండింగ్ కావాలి. హీటర్లకి (ట్యూబుని లోపల వేడి చేసే తీగలకి) ఈఎల్84 ఒక్కోటి 0.76 ఆంప్, 12ఏఎక్స్7 ఒక్కోటి 0.3, మొత్తం 2.42. ఇక్కడ 3 ఆంప్స్ చుట్టించండి, 4 అయినా సరే.

4 అనగానే భయపడతారు, ట్యూబులు మాడిపోతాయేమో అని. గ్రైండర్ పెట్టే 16 ఆంప్ సాకెట్‌లో సెల్ చార్జర్ పెడితే చార్జర్ కాలిపోతుందా? ట్యూబు తనకి కావలసినంతే లాగుతుంది. అలాగే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ పెడితే సౌండ్ పెరుగుతుందన్నదీ వట్టి మాటే, బరువు పెరుగుతుంది అంతే.

తాతగారి రేడియోలోంచి తీసిన ట్రాన్స్‌ఫార్మర్? ఒక్క ఈఎల్84తో చిన్న ఆంప్ కడితే బంగారంలా పనికొస్తుంది. జంట పెడితే అరగంటలో చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది. కానీ ఆ రేడియోలో యూఎల్84, యూవై85 లాంటి యూ సీరీస్ ట్యూబులుంటే దాని సర్క్యూట్ జోలికి వెళ్లొద్దు. వాటిలో చాలావాటికి ఐసోలేషన్ లేదు, ఛాసిస్ (రేకు చట్రం) నేరుగా మెయిన్స్‌కి కలిసి ఉంటుంది. గిటార్ తీగలు ఛాసిస్‌కే కలుస్తాయి, మీ వేళ్లు తీగల మీద ఉంటాయి. ప్రైమరీ, సెకండరీ విడివిడిగా లేని ఆటో ట్రాన్స్‌ఫార్మర్‌తో కూడా ఇదే ప్రమాదం. ఇది ప్రాణం పోయే విషయం కాబట్టి గట్టిగా చెబుతున్నా. మూడు పిన్నుల ప్లగ్, నిజంగా భూమిలోకి వెళ్లే ఎర్త్, ప్రైమరీలో ఫ్యూజు, ఈ మూడూ లేకుండా ఆన్ చేయకండి.

అమెరికా నుంచి బంధువులు తెచ్చిన 120 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌కి స్టెప్ డౌన్ పెడితే చాలంటారు. వోల్టులు తగ్గుతాయి, హెర్ట్జ్ మారవు. మీద 60 హెర్ట్జ్ అని మాత్రమే రాసి ఉంటే మన 50 మీద కోర్‌లో ఫ్లక్స్ (అయస్కాంత ప్రవాహం) 20 శాతం పెరుగుతుంది, వేడి, హమ్ రెండూ మొదలవుతాయి. 50/60 అని ఉంటే దిగుల్లేదు.

టొరాయిడ్ (గుండ్రటి రింగు ట్రాన్స్‌ఫార్మర్) పెడితే టోన్ పోతుంది, పాత ఇనుములో మాధుర్యం ఉంటుంది, ఇలాంటి వాట్సాప్ మాటలకి సమాధానం చెప్పే ఓపిక నాకు లేదు.

బరంపురంలోనో విశాఖలోనో చుట్టించేటప్పుడు మాటల్లో చెప్పకండి. మనం తెలుగులో చెప్పి, అవతలాయన ఒడియాలో విని, మధ్యలో ఏసీ డీసీ అయిపోతుంది. కాగితం మీద అంకెలు రాసివ్వండి: ప్రైమరీ 0-230-250, సెకండరీ 220-0-220 ఏసీ 150 మిల్లీ ఆంప్స్, 6.3 వోల్టులు 3 ఆంప్స్ సెంటర్ ట్యాప్‌తో, కోర్ 100 వీఏ, పొరల మధ్య ఇన్సులేషన్, చివర వార్నిష్. ఆ 250 ట్యాప్‌ని వదలొద్దు. రాత్రి లైన్ ఎక్కువగా ఉండే ఊళ్లలో హీటర్లని కాపాడేది అదే.

తెచ్చుకున్నాక సెకండరీ వైర్లు దేనికీ కలపకుండా, వేటికవి విడిగా ఉంచి, ప్రైమరీకి 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు సీరీస్‌లో పెట్టి ఆన్ చేయండి. బల్బు ఒక్క క్షణం వెలిగి ఆరిపోవాలి, లేదా మసగ్గా ఉండాలి. పూర్తిగా వెలుగుతూనే ఉంటే లోపల చుట్లు షార్ట్ అయినట్టే, బిల్లుతో సహా వెనక్కి పట్టుకెళ్లండి.