పాత తోలు పెట్టెలన్నీ సైన్యానివేనా? కొన్ని అపోహలు – వాస్తవాలు

అపోహ: మందపాటి గోధుమరంగు తోలు, ఇత్తడి బకిల్, భుజానికి పట్టీ ఉంటే అది సైనిక సామగ్రే.

వాస్తవం: పాత పరికరాల పెట్టెలను పరిశీలించే పనిలో నేను అన్నిటికంటే ఎక్కువగా వినే మాట ఇదే. సర్వేయర్లు, ఇంజినీర్లు, వైద్యులు, ఫొటోగ్రాఫర్లు కూడా ఇలాంటివే మోశారు. అందుకే ముద్రల కోసం వెతికే ముందు మూత తీసి లోపల చూడండి. చెక్క దిమ్మెలు, గుంటలు, అస్తరు మీద పడిన ఒత్తిడి జాడలు అక్కడ ఏ పరికరం ఉండేదో చెబుతాయి. పరికరం తెలిస్తే కాలానికి ఒక హద్దు దొరుకుతుంది. జర్మనీ కటకాల తయారీ సంస్థ జైస్, పట్టకాల (ప్రిజంల) బైనాక్యులర్లను అమ్మకానికి తెచ్చింది 1894లో. వాటి ఆకారానికి కుట్టిన పెట్టెను 1850ల నాటి క్రిమియా యుద్ధానికి ముడిపెట్టడం కుదరదు.

అపోహ: బాణం గుర్తు ఉంటే బ్రిటిష్ సైన్యానిదే.

వాస్తవం: మూడు గీతలు ఒక మొన దగ్గర కలిసే ఆ గుర్తు బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తి అని మాత్రమే చెబుతుంది. ఖైదీల దుస్తుల మీద కూడా దాన్ని వేశారు. పక్కనున్న అక్షరాలే అసలు కీలకం. ఇంగ్లిషు ‘సి’ అక్షరం లోపల బాణం ఉంటే కెనడా, రెండు ‘డి’ల మధ్య ఉంటే ఆస్ట్రేలియా, కింద ‘ఐ’ ఉంటే భారత్. రెండు బాణాల మొనలు ఎదురెదురుగా కలిస్తే, ఆ సరుకును ప్రభుత్వం వదిలించుకుని అమ్మేసిందని అర్థం. అరుదుగా కనబడే ఈ జంట గుర్తు నాకు ఎంతో ఇష్టం; వస్తువు బయటికి ఎలా వచ్చిందో అదే చెప్పేస్తుంది.

అపోహ: తయారీదారు పేరు లేదంటే నకిలీ.

వాస్తవం: రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ పేర్ల బదులు చిన్న అక్షరాల సంకేతాలు వేయించింది. ‘బిఎల్‌సి’ అంటే జేనా పట్టణంలోని కార్ల్ జైస్ సంస్థ.

అపోహ: పెట్టె మీది సంవత్సరమే లోపలి పరికరానిదీ.

వాస్తవం: పెట్టెలు, పరికరాలు తరచుగా తారుమారయ్యాయి. రెండింటినీ విడివిడిగా పరిశీలించాలి.

అపోహ: నూనె రాస్తే ముద్ర తేటపడుతుంది.

వాస్తవం: దయచేసి ఆ పని చేయకండి. నూనెతో తోలు నల్లబడి, లోతులేని ముద్ర ఇంకా మసకబారుతుంది. ఎర్రటి పొడి రాలుతున్న తోలును అసలు రుద్దకూడదు. చీకటి గదిలో టార్చి వెలుగును పక్కనుంచి ఏటవాలుగా పడనివ్వండి. అరిగిన అక్షరాలు నీడలతో పైకి తేలతాయి. ఇత్తడి చుట్టూ పేరుకునే పచ్చని మైనం వంటి చిలుమును పొడి పుల్లతో మెల్లగా తీస్తే చాలు. అప్పుడే కుట్లనూ చూడండి. నైలాను దారం కనిపిస్తే ఆ కుట్టు 1938కి ముందుది కాదు. అయితే అది తర్వాతి మరమ్మతు కావచ్చు కాబట్టి, పక్కన పాత సూది రంధ్రాలు ఖాళీగా మిగిలాయేమో వెతకాలి.