కాలు ఇస్తారు సరే, కొలిచే మనిషేడీ?

కర్నూలులో పెట్టినా, కడపలో పెట్టినా, దివ్యాంగుల ఉపకరణాల శిబిరం గురించి మర్నాడు జిల్లా పేజీలో వచ్చే వార్త ఒకే మూసలో ఉంటుంది. ఇన్ని మూడు చక్రాల సైకిళ్లు, ఇన్ని వినికిడి మిషన్లు, ఇన్ని కృత్రిమ కాళ్లు. ఆ కాలు కొలిచి తొడిగిన మనిషి ఏం చదివాడు, నెల తిరక్కముందే అది ఒరుసుకుని పుండు పడితే ఎవరి దగ్గరికి పోవాలి అన్నది అందులో ఉండదు. ఇది ఇవాళ్టి నిర్లక్ష్యం కాదు, దీని వెనక డెబ్బై ఎనభై ఏళ్ల చరిత్ర ఉంది.

మన దేశంలో కృత్రిమ అవయవాలు, ఊత పరికరాలు కొలిచి అమర్చే ఈ పని (చేసేవాళ్లను ప్రోస్థెటిస్టులంటారు) ఒక పద్ధతిగా మొదలైంది సైన్యంలో. రెండో ప్రపంచ యుద్ధంలో కాళ్లూ చేతులూ పోగొట్టుకున్న సిపాయిల కోసం 1944లో పుణెలో ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్ వెలిసింది. అమెరికాలోనూ యుద్ధమే కారణం. 1945లో అక్కడి నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ దీని మీద పరిశోధన చేపట్టింది. ఆ తర్వాత దారులు వేరయ్యాయి. అక్కడ పరిశోధన యూనివర్సిటీలకు చేరింది. 1950ల చివర్లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో మోకాలి కింద భాగానికి కొత్తరకం సాకెట్ (తెగిన కాలు దూర్చుకునే తొడుగు) తయారైంది. ఇలాంటివి నేర్పడానికి యూనివర్సిటీల్లో కొన్ని వారాల కోర్సులు పెట్టారు. ఆ కోర్సులే క్రమంగా డిగ్రీలయ్యాయి. ఇప్పుడు అక్కడ ఈ వృత్తిలోకి రావాలంటే మాస్టర్స్ చదవాలి, ఆపైన రెసిడెన్సీ, అంటే పర్యవేక్షణలో పని శిక్షణ, చేయాలి.

మన దగ్గర మొగ్గు ఫ్యాక్టరీ వైపు పడింది. 1972లో కాన్పూరు కేంద్రంగా కృత్రిమ అవయవాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో ఏర్పడింది. 1981లో ఉపకరణాల పంపిణీకి కేంద్రం అడిప్ పథకం తెచ్చింది. పోలియోతో కాళ్లు చచ్చుబడిన పిల్లలు ఊరూరా కనిపించిన కాలం అది. క్యాలిపర్లు (కాలికి ఊతమిచ్చే చట్రాలు) వేలల్లో కావాలి, కాబట్టి ముందు తయారీ మీద పడ్డారు. దాన్ని తప్పు పట్టలేం. అయితే పథకం విజయాన్ని పంచిన వస్తువుల లెక్కతో కొలవడం అలవాటైపోయింది. కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో ఉన్న జాతీయ పునరావాస శిక్షణ సంస్థ కూడా 1975లో అలిమ్‌కోకు అనుబంధంగానే మొదలైంది. ముందు ఫ్యాక్టరీ వచ్చింది, దాని పంచన ఈ బడి వచ్చింది!

అంతకుముందే, 1968లో జైపూర్ కాలు వచ్చింది. చేతిపని మాస్టర్ రామచంద్ర శర్మ, డాక్టర్ పి.కె. సేథీ కలిసి చేసిన ఆ పాదంతో గొంతుక్కూర్చోవచ్చు, బాసింపట్టు వేసుకోవచ్చు, చెప్పుల్లేకుండా శెనక్కాయ చేలో నడవొచ్చు. మన రైతుకు సరిగ్గా సరిపోయే పాదం. దాంతోపాటే ‘పనితనం ఉన్న మనిషి చాలు, చదువెందుకు’ అనే ఆలోచన కూడా బలపడిందని నాకనిపిస్తుంది. అందులో సగమే నిజం.

మిగతా సగం అర్థం కావాలంటే కొలత తీసేటప్పుడు పక్కన నిలబడి చూడాలి. మోకాలి కింద తీసేసిన కాలి మీద ముందు పెన్సిల్‌తో గుర్తులు పెడతారు. మోకాలి చిప్ప కింది టెండన్ అనే గట్టి పట్టీ ఎక్కడ, బయటివైపు చిన్న ఎముక తల ఎక్కడ, కోసిన ఎముక కొస ఎక్కడ. తడి ప్లాస్టర్ కట్టు చుట్టి, అది గట్టిపడేలోగా రెండు బొటనవేళ్లతో చిప్ప కింద నొక్కి పట్టుకుంటారు. ఆ అచ్చులో ప్లాస్టర్ పోసి దిమ్మ తీశాక అసలు పని మొదలవుతుంది. బరువు ఓర్చుకునే చోట ఆకురాయితో దిమ్మను అరగదీయాలి, ఓర్చుకోలేని చోట ప్లాస్టర్ పెంచాలి. ఎక్కడ ఎంత అన్నది కండరం, ఎముక, నడక తెలిసినవాడికే అందుతుంది. షుగర్ వల్ల స్పర్శ పోయిన కాలైతే మరీ కష్టం. ఒరుసుకుంటున్నా రోగికే తెలియదు.

అందుకే చదువులో క్లినిక్ భాగం అంత ముఖ్యం. పునరావాస వృత్తులను నియంత్రించే 1992 నాటి రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం దీన్ని గుర్తించింది. రిజిస్ట్రేషన్ లేకుండా ఈ వృత్తి చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలకు ఎవరికి టెన్షన్ పుడుతుందో మరి! కౌన్సిల్ గుర్తించిన డిగ్రీ, ఆర్నెల్ల ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్లు. ఇంటర్‌లో బైపీసీ వాళ్లూ ఎంపీసీ వాళ్లూ చేరవచ్చు. ఆపైన మాస్టర్స్ రెండేళ్లు.

చదువు చెప్పే పేరున్న సంస్థలు మాత్రం కటక్, కోల్‌కతా, ముంబైలలో ఉన్నాయి. మనకు దగ్గరంటే రాయవేలూరు (వెల్లూరు). అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ)లో, ప్రమాదంలో నడుము కింద చచ్చుబడినా సర్జన్‌గా కొనసాగిన డాక్టర్ మేరీ వర్గీస్ చొరవతో 1966లో పునరావాస కేంద్రం మొదలైంది. తిరుపతిలో టీటీడీ వాళ్ల ఎముకల ఆసుపత్రి బర్డ్ 1985 నుంచి ఉంది. సీమ జనం చాలాకాలంగా ఈ రెండు ఊళ్ల బస్సులే ఎక్కుతున్నారు.

సీమలో నేర్చుకోవడానికి కేసులు లేకనా అంటే, అదీ కాదు. 44వ నంబరు హైవే కర్నూలు, అనంతపురం మీదుగానే పోతుంది. బేతంచెర్ల, తాడిపత్రి వైపు బండల పనిలో కాళ్ల మీద రాయి పడేది కూలీలకే. వీటికి తోడు షుగర్ పుండ్లు, వంకర పాదాలతో పుట్టే పిల్లలు. వంకర పాదానికి కట్లు కట్టి సరిచేశాక నాలుగేళ్ల వయసు దాకా రాత్రిళ్లు బ్రేస్ వేయాలి. పాదం పెరిగేకొద్దీ దాన్ని మార్చి అమర్చే మనిషి జిల్లాలో ఉండాలి.

కాలు తీసేశాక ఇంట్లోవాళ్లు జాలికొద్దీ మోకాలి కింద దిండు పెడతారు. మోకాలు వంగినచోటే బిగుసుకుపోతుంది. తర్వాత ఎంత మంచి కాలు తెచ్చినా అమరదు. వార్డులోనే ఆ దిండు తీయించి, కట్టు ఎలా చుట్టుకోవాలో నేర్పాల్సినవాళ్లలో ఈ చదువు చదివినవాడు ఒకడు.

సీమలోనే డిగ్రీ పెట్టాలంటే కౌన్సిల్ ఆమోదం, వర్క్‌షాప్, మాస్టర్స్ చేసిన బోధకులు కావాలి. ఆ బోధకులే తక్కువ. అందాకా బయట చదువుతున్న మన పిల్లలకు ఆర్నెల్ల ఇంటర్న్‌షిప్‌లో కొంత భాగమైనా కర్నూలు పెద్దాసుపత్రిలోనో, కడప రిమ్స్‌లోనో చేసే వీలు కల్పించాలి. అది కూడా పైన చూసుకునే అర్హుడైన ప్రోస్థెటిస్ట్ ఒకరు అక్కడ ఉద్యోగంలో ఉంటేనే కుదురుతుంది. ముందు మంజూరు కావాల్సింది ఆ పోస్టు.